అటెండెంట్ ఎవరమ్మా?

'పదకొండో బెడ్డు అటెండెంట్ ఎవరమ్మా?'

హైదరాబాద్‌లో ఏ గుండె ఆసుపత్రి వార్డు ముందు నిలబడినా పొద్దున పూట వినిపించే కేక ఇది. వరండాలో చాప మీద కూర్చున్న ఒకామె గబుక్కున లేస్తుంది. కొంగు సర్దుకుంటూ లోపలికి పరుగెడుతుంది. ఆమెది చర్ల కావచ్చు, దుమ్ముగూడెం కావచ్చు, ఇల్లెందు దగ్గర ఏ తండానో కావచ్చు. చేతిలో ఒక లావుపాటి ఫైలు పెడతారు. అందులో ప్రతి అక్షరమూ ఇంగ్లిషే. సిస్టరుకు ఇంకో పది బెడ్లున్నాయి. అందుకే గబగబా చెబుతుంది. 'మందులు ఆపొద్దు. బరువులు ఎత్తనివ్వొద్దు. రెస్టు ఇవ్వండి. నెలకు మళ్లీ తీసుకురండి.'

ఆమె అన్నిటికీ తల ఊపుతుంది. ఆ తల ఊపడంతో ఆమె ఒక ఉద్యోగంలో చేరినట్టే. జీతం లేదు, శిక్షణ లేదు, సెలవు లేదు. రాబోయే మూడు నెలలు ఆమె ఒక గుండె రోగికి నర్సు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఆమెతో అనరు.

బైపాస్ అనగానే అందరి కళ్లూ ఆపరేషన్ థియేటర్ మీదే ఉంటాయి. న్యాయమే. రొమ్ము ఎముకను నిలువునా కోసి, కాలి నుంచి తీసిన సిరనో, ఛాతీలోపలి ధమనినో గుండె మీద కుట్టి, మూసుకుపోయిన దారికి పక్కదారి వేయడం మామూలు పనేమీ కాదు. మన దేశంలో ఆ పని మొదటిసారి జరిగింది 1975లో, మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో. చేసినవారు డాక్టర్ కె.ఎం.చెరియన్. తర్వాత చాలాకాలం అది డబ్బున్నవాళ్ల ఆపరేషనే. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాకే తెల్లకార్డు మనిషికి కూడా బైపాస్ అందింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ లెక్క చూడండి. ఆపరేషన్‌కు పట్టేది నాలుగైదు గంటలు. ఐసీయూలో ఒకటి రెండు రోజులు. అంతా సవ్యంగా ఉంటే వారం, పది రోజుల్లో డిశ్చార్జి. కోసిన ఎముక అతుక్కోవడానికి మాత్రం రెండు నుంచి మూడు నెలలు! అంటే కోలుకోవడంలో ముప్పాతిక భాగం ఆసుపత్రిలో జరగదు. ఇంట్లో, ఆ ఫైలు పట్టుకున్నామె చేతుల్లో జరుగుతుంది.

ఆ ఇల్లు ఆసుపత్రికి వీధి అవతలే ఉంటే బెంగలేదు. భద్రాచలం మన్యంలో ఉంటే? హైదరాబాద్ నుంచి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం మూడొందల కిలోమీటర్ల పైమాటే. అక్కడి నుంచి ఆటో. ఆటో ఆగిపోయిన చోటి నుంచి కాలిబాట. ఛాతీ ఎముకను స్టీలు తీగలతో బిగించుకున్న మనిషికి ఆ ప్రయాణమే మొదటి పరీక్ష. బస్సులో వెనకసీటు వద్దు. ముందువైపు, చక్రాల మీద కాకుండా కూర్చోబెట్టాలి. ఛాతీకి ఒక మెత్తటి దిండు అదిమి పట్టుకోమనాలి. గంటా రెండు గంటలకోసారి, బస్సు ఆగినచోటల్లా దింపి నాలుగడుగులు నడిపించాలి. కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. 'పడుకున్నాడు పాపం, లేపడమెందుకు' అనుకునే జాలి ఇక్కడ పనికిరాదు.

మంచం పెట్టే చిక్కు

సిస్టరు చెప్పిన మాటల్లో అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది 'రెస్టు'. మన పల్లెల్లో ఆ మాటకు ఒకటే అర్థం... మంచం. ఇంటికి రాగానే వసారాలో నులకమంచం వాలుస్తారు. ఇక పెద్దాయన దాని మీంచి దిగకూడదు. నీళ్లు అక్కడికే, అన్నం అక్కడికే. కాస్త కాలు కింద పెడితే 'ఓ మామయ్యా, లేవకు... కుట్లు ఊడతయ్!' అని కోడలి కేకలు. ప్రేమే. కాదనేదేముంది? కానీ ఆ ప్రేమే మనిషిని పడేస్తుంది. పడుకునే ఉన్నవాడి ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. మలబద్ధకం పట్టుకుంటుంది. కండ కరిగిపోతుంది. ఆసుపత్రిలో రెండోరోజునే నర్సులు మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టేది, ఆపైన వరండాలో నడిపించేది అందుకే. అక్కడ నడిచినవాడు ఇంటికొచ్చాక ఎందుకు పడుకోవాలి?

నడకకు గడియారం లేకపోయినా ఫర్వాలేదు. ఇళ్లను కొలతగా పెట్టుకోవచ్చు. మొదటివారం పొద్దునా సాయంత్రం ఐదేసి నిమిషాలు. అంటే గడప నుంచి చింతచెట్టు దాకా, మళ్లీ వెనక్కి. రోజురోజుకూ ఇంకో ఇల్లు దాటి. ఇలా పెంచుకుంటూ పోతే ఆరువారాలకు అరగంట నడక వచ్చేస్తుంది. పక్కన మనిషితో మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరిపోయినట్టు. మాట ఆగిపోతే వేగం ఎక్కువైనట్టు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె గాడితప్పి కొట్టుకోవడం... వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగిపోవాలి. వేసవి అయితే మరీ పొద్దున్నే వెళ్లి రావాలి. కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి తెలిసిందేగా!

ఇక ఆ నులకమంచం. పాపం దాని తప్పేమీ లేదు గానీ, బైపాస్ అయినవాడికి అది శత్రువు. మధ్యలో కుంగిపోతుంది. లేవాలంటే రెండు చేతులూ పట్టెల మీద మోపి ఒళ్లంతా పైకి లాగాలి. ఆ లాగుడు మొత్తం అతుక్కుంటున్న ఎముక మీద పడుతుంది. చెక్కబల్ల గానీ, పరుపేసిన గట్టి మంచం గానీ మేలు. లేచేటప్పుడు ఒక పక్కకు దొర్లి, కాళ్లు కిందికి దించి, ఆ ఊపులో ఒళ్లు పైకి లేపాలి. లేపేవాళ్లు చేతులు పట్టుకుని గుంజకూడదు, చంకల కింద చేతులు వేయకూడదు. వీపు వెనక చెయ్యి ఆనించి లేపాలి. నేలమీద బాసింపట్టు వేసుకుని భోజనం, గొంతుక్కూర్చుని మరుగుదొడ్డి... ఇవి కూడా కొన్నాళ్లు వద్దు. ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించుకుంటే కమోడ్ సమస్య తీరిపోతుంది. ముక్కి విసర్జనకు వెళ్లాల్సిన అవసరం రాకుండా చూడటం మరీ ముఖ్యం.

దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా దిండు ఛాతీకి హత్తుకోవాలి. దగ్గును ఆపుకోకూడదు. కఫం బయటికి రావాల్సిందే. ఆసుపత్రిలో మూడు రంగుల బంతులున్న ఒక ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీల్చితే బంతులు పైకి లేస్తాయి. ఊపిరితిత్తులు పూర్తిగా తెరుచుకోవడానికి అంతకంటే చవకైన వైద్యం లేదు. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, పదేసి సార్లు పీల్చాలి. తీరా ఇంటికి చేరిన రెండోరోజుకు అది పిల్లల ఆటవస్తువు అయిపోతుంది. దాన్ని పిల్లల చేతికి అందకుండా దాచడం కూడా నర్సు డ్యూటీయే.

పప్పు తింటే చీము?

కుట్లు ఉన్న మనిషికి పప్పు పెట్టరు. గుడ్డు పెట్టరు. వంకాయ సరేసరి. తింటే 'చీము పడుతుంది' అని. తరాల నుంచి వస్తున్న పథ్యం ఇది. చారన్నం, మజ్జిగన్నం పెడతారు. మనిషి నీరసించిపోతాడు. చిత్రమేమిటంటే, కోసిన ఎముకా కండా మళ్లీ అతుక్కోవడానికి కావలసింది సరిగ్గా ఆ పథ్యంలో తీసేసిన మాంసకృత్తులే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, అదుపు తప్పిన చక్కెర వల్ల. కందిపప్పు వల్ల కాదు. పప్పు, గుడ్డు తెల్లసొన, గోదావరి చేప... నిక్షేపంగా పెట్టొచ్చు. పెట్టకూడనివి వేరే ఉన్నాయి. ఎండుచేపలు, ఆవకాయ, చింతకాయ తొక్కు. ఆ ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, గుండె మీద భారం పెంచుతుంది. మొదటి వారాల్లో నోటికి రుచి తెలియదు, అన్నం వాసన కూడా వెగటుగా ఉంటుంది. అది మామూలే, తగ్గిపోతుంది. ఒకేసారి పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడితే సరి.

బీడీ సంగతి వేరే చెప్పాలా? ఈ అడవుల్లో కోసిన తునికాకు కట్టలుకట్టి ఎటో వెళ్లిపోతుంది. మళ్లీ బీడీ అయి ఇక్కడికే, ఇదే మనిషి జేబులోకి వస్తుంది. కొత్తగా వేసిన రక్తనాళాన్ని మళ్లీ మూసేయడంలో పొగను మించినది లేదు.

గాయం మీద ఏమీ పూయకూడదు. పసుపు వద్దు, పసరు వద్దు, కొబ్బరినూనె వద్దు, పౌడరూ వద్దు. డాక్టరు సరేనన్నాక గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో స్నానం. శుభ్రమైన గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. భద్రాద్రి రామయ్యకు మొక్కుకుని ఉంటారు చాలామంది. ఆపరేషన్ అయితే గోదావట్లో మునిగి తలనీలాలు ఇస్తామని. ఇవ్వొచ్చు. కాకపోతే కుట్లు పూర్తిగా మానేదాకా నదిలో మునగడం వాయిదా వేసుకోవాలి. రాముడేమీ తొందరపడడు!

సిర తీసిన కాలు కొన్ని వారాలు వాస్తుంది. దిండు మీద ఎత్తిపెట్టి పడుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది. భయం లేదు. రెండో కాలు కూడా వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంటే మాత్రం ఒంట్లో నీరు చేరుతున్నట్టు. ఒకే పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఛాతీ ఎడమపక్క మొద్దుబారినట్టు, చీమలు పాకినట్టు నెలల తరబడి ఉంటుంది. ధమని తీసిన చోట అది సహజమే. కానీ దగ్గినప్పుడో, పక్కకు తిరిగినప్పుడో ఎముక 'కటుక్కు'మంటే అది సహజం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మన్యానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది... జ్వరం. ఇక్కడ జ్వరమంటే ముందు గుర్తొచ్చేది మలేరియా. అనుభవం అలాంటిది మరి. ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా అదే అనుకుంటాడు, మలేరియా బిళ్లలు ఇస్తాడు. బైపాస్ అయిన మనిషికి వందా పాయింట్ నాలుగు డిగ్రీలు దాటితే అది ఎముక లోపల పట్టిన ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు. రక్తపరీక్ష చేయించాల్సిందే, అదే పూట చొక్కా విప్పి గాయాన్నీ చూపించాల్సిందే. ఒకటి చేసి రెండోది వదిలేస్తే వారం గడిచేసరికి పరిస్థితి చేయిదాటుతుంది. ఆ ఆర్‌ఎంపీకి తప్పక చెప్పాల్సిన మాట మరొకటి ఉంది. నొప్పి అనగానే ఇచ్చే డైక్లోఫెనాక్ సూది, మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే నొప్పి బిళ్లలు గుండెకూ మూత్రపిండాలకూ ముప్పు. బైపాస్ చేయించుకున్నవాళ్లకు ఆ జాతి మందులు వద్దని వైద్యశాస్త్రం గట్టిగానే హెచ్చరించింది. డాక్టరు రాసిచ్చిన పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకోవాలి.

పల్లెటూరి డాక్టరు

ఇక్కడ ఒక మనిషిని తలచుకోవాలి. కాలి సిరతో బైపాస్‌ను ఒక పద్ధతిగా ప్రపంచానికి నేర్పినవాడు రెనె ఫవలోరో. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1967లో. పుట్టింది అర్జెంటీనాలో. ఆ పేరు చెబితే పెద్ద సర్జనే గుర్తొస్తాడు గానీ, అంతకుముందు 1950 నుంచి పన్నెండేళ్లు ఆయన హసింతో అరౌజ్ అనే మారుమూల ఊళ్లో పల్లెటూరి డాక్టరు. అక్కడ సరైన ఆసుపత్రి లేదు. ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి ఆపరేషన్ గది ఏర్పాటు చేసుకున్నారు. నర్సులకు పని నేర్పారు. మంత్రసానులకు శుభ్రత నేర్పారు. రక్తం ఇవ్వగలిగిన ఊరివాళ్లను ముందే గుర్తుపెట్టుకుని, అవసరమైనప్పుడు పిలిచేవారు. చదువురాని ఇళ్లకు వైద్యం నేర్పడం ఎలాగో తెలిసినవాడి చేతిలోనే బైపాస్ రూపుదిద్దుకుంది. ఇప్పుడు అది మన ఊళ్లకు వచ్చింది, నేర్పడం మాత్రం దారిలో ఎక్కడో దిగిపోయింది. ఆ ఫైలు చివర తెలుగులో ఒక్క కాగితం, బొమ్మలతో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు కదా అనొచ్చు. ఉన్నారు. గర్భిణులు, టీకాలు, జ్వరాల సర్వేలు... వాళ్ల నెత్తిన ఉన్న పని తక్కువేమీ కాదు. అయినా డిశ్చార్జి కాగితం ఒకసారి వాళ్లకు చూపించి, బీపీ, షుగరు చూడమని అడగడంలో తప్పులేదు. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకు తర్వాతి మందులూ పరీక్షలూ కూడా ఇచ్చే ఏర్పాటుంది. ఆ వివరాలు డిశ్చార్జి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి. ఈ ప్రాంతానికి ఇంకో మెలిక. 2014లో ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకునే ఉన్న ఏటపాక ఆంధ్రలో. కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరి ఆసుపత్రి ఇంకో రాష్ట్రానిది. ఏ కార్డుకు ఎక్కడ ఏం అందుతుందో ముందే తెలుసుకోకపోతే మందులు అయిపోయిన రోజున తిప్పలే.

మందులు అయిపోవడం... ఇక్కడ అది మతిమరుపు వల్లే జరగదు. గోదావరి వల్ల కూడా జరుగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. 1986లో 75.6 తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. అలాంటప్పుడు రోడ్లు మునుగుతాయి, ఊళ్లకు ఊళ్లే తెగిపోతాయి. పునరావాస శిబిరానికి బయల్దేరే మనిషి బియ్యం మూట, మేకపిల్ల పట్టుకుంటాడు గానీ బిళ్లల డబ్బా గుర్తుంటుందా? ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే స్టాటిన్, గుండెవేగాన్ని అదుపులో ఉంచే బిళ్ల... వీటిని ఉన్నట్టుండి ఆపకూడదు. కొన్నిటిని ఒక్కసారిగా మానేస్తే గుండె ఎదురు తిరుగుతుంది. అందుకే జూన్ దాటకుండా నెల రోజుల మందులు తెచ్చి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, రేషన్ కార్డు ఉన్నచోటే పెట్టాలి. కార్డును ఎవరూ మరచిపోరు.

ఇంతకీ ఇంటి నర్సుకు అన్నిటికంటే కష్టమైనది మందులు కాదు. ఆయన మనసు. ఊరంతటినీ అదిలించిన మనిషి ఉట్టినే ఏడుస్తాడు. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తాడు. మజ్జిగలో ఉప్పు తగ్గిందని చెంబు విసిరేస్తాడు. 'గుండె కోసినప్పుడు మనసు మార్చేశారు' అనుకుంటుంది ఆమె. బైపాస్ తర్వాత కొన్ని వారాలు దిగులు, చిరాకు, నిద్రలేమి చాలామందిలో కనిపిస్తాయి. చాలావరకు తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే, దాచాల్సిన సంగతి కాదు. దీనికి తోడు పలకరింపులు. బత్తాయిల సంచితో వచ్చిన ప్రతి బంధువూ ఒక చావు కథ చెప్పి వెళతాడు. 'మా తోడల్లుడికీ ఇదే ఆపరేషన్... నెల తిరక్కుండానే...' అంటూ! మొదటి రెండు వారాలు వాళ్లను గుమ్మం దగ్గరే ఆపి, బత్తాయిలు అందుకుని పంపేయడానికి కాస్త మొహమాటం చంపుకోవాలి.

ఇదంతా రోగి మగవాడైతే. రోగి ఆమే అయితే?

అప్పుడు అటెండెంట్‌గా కొడుకో, అల్లుడో వస్తాడు. 'బరువులు ఎత్తనివ్వొద్దు' అన్న మాట శ్రద్ధగానే వింటాడు. బరువు అంటే అతని లెక్కలో బియ్యం బస్తా. ఇంటికొచ్చిన వారానికి ఆమె బోరింగు దగ్గర కనిపిస్తుంది. ఎవరూ పంపలేదు. తనే వెళ్లింది. పొయ్యి ఖాళీగా ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది? నిండు బిందె పదిహేను కిలోలకు తగ్గదు. బోరింగు కొట్టే ప్రతి ఊపూ ఎముక కోసినచోటే తగులుతుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆమె ఎత్తాల్సింది మూడు నాలుగు కిలోలకు మించకూడదు. అందుకే ఆడవాళ్లకు చెప్పేటప్పుడు 'బరువులు' అని ఊరుకోకుండా పేరుపేరునా చెప్పాలి. బిందె వద్దు. కట్టెలమోపు వద్దు. రుబ్బురోలు వద్దు. తడిబట్టలు పిండటం వద్దు. ఇప్పపూల కోసం వంగి వంగి ఏరడం, తునికాకు కట్ట నెత్తికెత్తుకోవడం ఈ ఏటికి వద్దు. ముందువైపు హుక్కులున్న మెత్తటి లోదుస్తులు వేసుకుంటే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. ఇది మగ అటెండెంట్‌కు సిస్టరు చెప్పదు, అతను అడగడు. ఊళ్లో ఒక వదినకో, చెల్లెలికో ఆ ఫోను అందితే తప్ప ఆమెకు తెలియదు.

వంట మూడు నెలలు కొడుకు చేస్తాడా, పక్కింటి వాళ్లు పంపుతారా, చిన్నకోడలు పుట్టింటి నుంచి వస్తుందా... డిశ్చార్జి కాకముందే తేల్చుకోవాల్సింది అదే. ఇక మనవడు. ఏడాదిన్నర పిల్లాడు పది కిలోలుంటాడు. నానమ్మ కనిపించగానే చేతులు చాస్తాడు. ఎత్తుకోవద్దని ఆమెకు చెప్పడం దండగ, వినదు. గోడకు ఆనించి కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టి, ఛాతీకి దిండు అడ్డం పెట్టి, పిల్లాడిని తెచ్చి పక్కన ఎత్తుపీట మీద నిలబెట్టాలి. వాడే వంగి ఆమె భుజం పట్టుకుంటాడు.